మేడ మీద సారు లేడని చెప్పాను

మా ఇంటి మేడ మీద కిరాయికి ఉండే సారు తెనాలిలో పోయాడన్న కబురు నాకు ఫోన్‌లో వచ్చింది. ఆ సాయంత్రమే తెలంగాణ ఇస్తామని ఢిల్లీలో మాట చెప్పారు. హఫీజ్‌పేట్‌లో మా గల్లీ అంతా గులాల్. డప్పులు కొడుతుంటే ఈ వయసులో నేనూ ఎగిరాను, మోకాళ్ళు వద్దంటున్నా. కొంగున కట్టుకున్న ఫోన్ మోగింది. ఎవరో చూడలేదు. చూసినా నాకు చదవరాదు. చెవి దగ్గర పెట్టుకుని, ఆ రోజు అందరితో అన్నట్టే "జై తెలంగాణ!" అన్నాను.

అవతల ఒక ఆడమనిషి గొంతు వినపడింది.

"అమ్మా, నేను మీ మేడ మీద సారు వాళ్ళ అక్కనండీ. మా తమ్ముడు మధ్యాహ్నం పోయాడమ్మా. ఏదైనా అయితే ముందు మీకే చెప్పమనేవాడు."

డప్పుల్లో సగం మాట మునిగిపోయింది. "ఏందమ్మా? జర గట్టిగ జెప్పు" అని అరిచాను. తమ్ముడు చచ్చిపోయాడన్న మాటను ఆ అక్క చేత ఇంకోసారి, అదీ గట్టిగా, అనిపించాను. తర్వాత ఇంట్లోకి పోయి మొహం కడుక్కున్నాను. గులాల్ ఒక్క కడుగుకు పోయే రంగు కాదు. ఆ ఎర్రటి మొహంతోనే మేడ మెట్ల మీద కూర్చున్నాను.

ఆయన గురించి చెప్పమని మీ పత్రిక వాళ్ళు అడిగారు. కంప్యూటర్‌లో తెలుగు సరిగ్గా నడవాలని పాటుపడేవాళ్ళు చదివే పత్రికట ఇది. మీలో చాలామంది ఆయన రాసినది వాడుకుంటున్నారట కానీ, ఆయన్ను చూసినవాళ్ళు లేరట. చూసినదాన్ని నేను. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే కరీంనగర్ పిల్ల ఒకతె రాస్తోంది. అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. నా మాటను పుస్తకం మాటగా సర్దుతోంది. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమన్నాను. ఈ పిల్ల ముందు నేనెందుకు తల దించుకుని కూర్చున్నానో చెప్పడానికే ఈ రాత.

మా గల్లీలో రెండు మాటలు నడుస్తున్నాయి. ఉద్యమంలో జెండా పట్టుకుని ముందు నడిచిన ముసలిది ఇంట్లో ఆంధ్రా మనిషిని దాచుకుందని ఒక మాట. ఆ మనిషిని నేనే వెళ్ళగొట్టానని, ఆ దిగులుతోనే పోయాడని ఇంకో మాట. నేను ఆయన్ను వెళ్ళగొట్టలేదు. ఈ మాట ఎవరి ముందైనా నిలబడి చెబుతాను. కానీ నేను చేసింది ఒకటుంది, అది వాళ్ళు అనే దానికన్నా చిన్నదేమీ కాదు.

హైటెక్ సిటీ పోయే రోడ్డు మలుపులో నేను సాయంత్రం పూట జొన్న రొట్టెలు చేసి అమ్ముతాను. అద్దాల మేడల నుంచి పిల్లలు దిగి వచ్చి, మెడలో బిళ్ళలు వేలాడుతుంటే నిలబడి తింటారు. వాళ్ళ మధ్యలో తల నెరిసిన మనిషి ఈయన ఒక్కడే. రొట్టె తుంచడం చేతకాక రెండు చేతులా పట్టుకుని లాగేవాడు.

"ఒక్క చెయ్యి సాలు సారూ. అది రొట్టె, బర్రె పగ్గం గాదు."

"నేర్చుకుంటానండి అమ్మగారూ," అని నవ్వాడు. "ఈ చుట్టుపక్కల ఎక్కడైనా గది దొరుకుతుందాండి?"

"ఏ ఊరు నీది?"

"తెనాలి దగ్గరండి."

"ఎవరెవరుంటరు?"

"నేనొక్కణ్ణేనండి. నాతో ఒక కంప్యూటరు."

"అది తింటదా?"

"కరెంటు తింటుందండి."

ఆ మాటకే గది ఇచ్చేశాను. అప్పటికి ఉద్యమం ఇంకా అంత వేడెక్కలేదు.

భార్య పోయిన మనిషి, పిల్లలు లేరు. మా కుక్క మెట్లకు అడ్డంగా పడుకుంటే దానితో కూడా "కాస్త జరగండి" అనేవాడు. అది జరిగేది కాదు. ఆయన దాటి పోయేవాడూ కాదు. చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడేవాడు. నేను కింద నుంచి "హట్" అంటే గానీ ఇద్దరి పనీ తెమిలేది కాదు. తీగ మీద నా చీరల పక్కన తన బట్టలు ఆరేయడానికి మొహమాటపడి పిట్టగోడ మీద పరిచేవాడు. గాలికి అవి పక్కింట్లో పడితే అడగడానికి మళ్ళీ మొహమాటం. ఆయన బనీన్ల కోసం పక్కింటామెతో నేను పోట్లాడిన రోజులున్నాయి.

పొద్దున్నే లేచి, ఆఫీసుకు పోయేదాకా కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. వాకిలి చల్లి, చాయ్ కాచి ఒక గ్లాసు పైకి తీసుకుపోయేదాన్ని. ఒకరోజు పోతే కంప్యూటర్ నిండా చిన్న చిన్న గళ్ళు.

"ఏంది సారూ ఇది, అగ్గిపెట్టెలు పేర్చినట్టున్నది?"

"ఇవన్నీ తెలుగు అక్షరాలండి. నిన్నటిదాకా చక్కగా కనపడ్డాయి. ఈ రోజు డబ్బాలైపోయాయి."

"నీకు ఇయ్యాల అయినయ్. నాకు పుట్టిన కాడికెల్లి గవి డబ్బాలే."

పగలబడి నవ్వాడు. నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయి "క్షమించండి" అన్నాడు. ఎగతాళి నాది, క్షమాపణ ఆయనది. ఎప్పుడూ అంతే.

ఆ పొద్దున కూర్చోబెట్టి చెప్పాడు. కంప్యూటర్‌కు పని చెప్పే భాషలు వేరే ఉంటాయట. ఆయన వాడేదానికి ఏదో పాము పేరట. ఆ భాషలో ఆయన ఎన్నడో తెలుగు కోసం ఒక పనిముట్ల పెట్టె లాంటిది రాసి పెట్టాడు. దాన్ని లైబ్రరీ అంటారట. తెలుగు మాటను ఎక్కడ విరవాలి, ఏ మాట తర్వాత ఏ మాట రావాలి, అక్షరం ముక్కలు కాకుండా ఎట్లా చూపాలి, ఇవన్నీ అది చూసుకుంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు. విప్పి చూడొచ్చు, బాగు చేయొచ్చు. చిన్న చిన్న పేపర్ల వాళ్ళు వాడతారు, గ్రంథాలయాల వాళ్ళు వాడతారు. మెదక్ వైపు చూపు లేని పిల్లల బడి ఒకటుందట, అక్కడ కంప్యూటర్ పాఠం చదివి వినిపించడానికి దీన్నే వాడతారు. ఆ బడి మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం పెరిగేది.

చిక్కు ఎక్కడంటే, ఆ పాము భాష కొత్త రూపం తెచ్చుకుంది.

"కుబుసం విడిచిందండి," అన్నాడు. "పాత రూపానికి రాసినవి కొత్తదానిలో నడవవు. ఒక్కొక్కటీ మళ్ళీ చూసుకోవాలి."

"మరి అందర్ని కొత్తదే తీస్కోమను. లొల్లి ఉండది."

"అందరికీ కుదరదండి. ఆ బడిలో ఉన్నవి పాత కంప్యూటర్లు. పాతవాళ్ళను వదిలేయకూడదు, కొత్తవాళ్ళను ఆపకూడదు. ఒకే రాత రెండింటిలోనూ నడవాలి. అదీ నా తిప్పలు."

నాకు నా రొట్టెల పిండి గుర్తొచ్చింది. అప్పుడే పట్టించిన జొన్న పిండికీ, నిల్వ ఉన్న పిండికీ ఒకే తీరుగా నీళ్ళు పోస్తే కుదరదు. చేయి అదే, పెనం అదే, రొట్టె మాత్రం అంచుల్లో పగులుతుంది. ఆ మాటే చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"అదేనండి! ఎవరూ ఏ తప్పూ చేయలేదు. కింద పిండి మారింది."

ఆ మాటను ఆయన తర్వాత చాలాసార్లు అన్నాడు, కంప్యూటర్ గురించి కాని సంగతుల్లో కూడా.

"ఇంత జేస్తున్నవ్, జీతమెవరిస్తరు?" అని అడిగాను ఇంకోసారి.

"ఎవరూ ఇవ్వరండి."

"పిచ్చా నీకు?"

"చూసుకునేవాళ్ళు ఉన్నంతకాలమే ఏదైనా నడుస్తుందండి అమ్మగారూ. ఎవరో ఒకరు చూసుకోవాలి కదా." మళ్ళీ తనే, "ఆ ఒకరు నేనొక్కణ్ణే కావడమే భయంగా ఉంది" అన్నాడు.

రాసినదంతా బయటే ఉంది, ఎవరైనా చూడొచ్చు. ఎందుకలా రాశాడో మాత్రం తన తలకాయలోనే ఉందనేవాడు. అది ఇంకొకరి తలలోకి పోవాలంటే పక్కన కూర్చోవాలి. ఒక్కొక్క వరుసా చూపిస్తూ, ఇది ఇందుకు, అది అందుకు అని చెప్పాలి. అలా పక్కన కూర్చునే మనిషి కోసం ఎదురుచూసేవాడు. ఎవరూ దొరకక, పొద్దున పూట నాకే చెప్పేవాడు. నేను "ఆ, ఆ" అంటూ గ్లాసు ఖాళీ అయిందా లేదా అని చూసేదాన్ని.

తర్వాత ఉద్యమం వేడెక్కింది. నేను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని కాను. ఆ అద్దాల మేడలు లేచిన గుట్టల మీద మా బర్రెలు మేసేవి. మేడలు లేచాక అక్కడ మా పిల్లలకు దొరికింది గేటు కాడ కుర్చీ. నా కోపం అబద్ధం కాదు. ఇవాళ సారు కోసం ఏడుస్తున్నంత మాత్రాన ఆ కోపాన్ని తప్పని చెప్పను. పిల్లా, ఈ మాట కూడా రాయి, తగ్గించకు.

హైటెక్ సిటీ రోడ్డు మీద వంటావార్పు పెట్టాం. రాళ్ళు పేర్చి, పొయ్యిలు వెలిగించి, రోడ్డుకు అడ్డంగా అన్నం, పప్పు వండాం. బండ్లన్నీ ఆగిపోయాయి. ఆఫీసుల వాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారు. సారు ఒక్కడే నడిచి వచ్చి విస్తరి పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. నేనే వడ్డిస్తున్నాను.

"సారూ, నువ్వెందుకొచ్చినవ్? ఈ కొట్లాట మీ మీదనే గద," అన్నాను గొంతు తగ్గించి.

"తెలుసండి. మా మీద కోపంతో వండినా ఉప్పు మాత్రం సరిగ్గానే వేశారు."

పక్కనున్న ఆడవాళ్ళు కిలకిలమన్నారు. మా ఉద్యమ కమిటీకి పెద్ద, వేరే బస్తీ ఆమె, గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది. "ఎవలే ఈ సారు? నీకు ఎరికనా?"

"ఏమో. ఎవలో ఆఫీసాయన," అన్నాను.

సారు విన్నాడు. విస్తరి ఖాళీ చేసి, చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక "పప్పు బాగుందండి" అన్నాడు. అంతే.

ఆ తర్వాత అది నాకు అలవాటైపోయింది. కమిటీలో ఎవరడిగినా, నా ఇంట్లో ఆంధ్రావాళ్ళు ఎవరూ లేరనేదాన్ని. మా కమిటీ వాళ్ళు ఎవరి మీదా చేయి చేసుకోలేదు. ఎగతాళి మాత్రం చేసేవాళ్ళు. పక్క గల్లీలో ఒకామెను "పొద్దంత జై తెలంగాణ, పొద్దుమూకితే ఆంధ్ర కిరాయి" అని ఆడిపోసుకుంటుంటే నేనూ నవ్వాను. నవ్వి ఇంటికి వచ్చి, సారుతో ఫోన్‌లో గట్టిగా మాట్లాడొద్దని చెప్పాను.

"మీ అండీలు గేటు దాక ఇనొస్తున్నయ్. జర మా లెక్క మాట్లాడు."

పాపం, నేర్చుకోబోయాడు. మర్నాడు చాయ్ తీసుకుపోతే "ఏందండి పెద్దమ్మగారూ, గిట్ల ఆలస్యం చేశారండి" అన్నాడు. ఆ మాటకు నవ్వలేక మెట్ల మీద కూలబడ్డాను. "నీ నోరు తెనాలిదే సారూ, దాన్నొదిలెయ్" అన్నాను.

ఆయన ఒంట్లో అప్పటికే బాగుండలేదు. గుండె బలహీనంగా ఉందని డాక్టర్లు చెప్పారు. ఆఫీసు మానేశాడు. ఇక ఈ పని ఎవరికైనా అప్పగించాలన్న తొందర ఎక్కువైంది. ఆ చలికాలం ఒక పొద్దున చాయ్ అందుకుంటూ ఏదో చెప్పాడు. మొహం వెలిగిపోతూ చెప్పాడు, అది గుర్తుంది. మర్నాడు మా ఊరేగింపు. జెండాలకు కర్రలు సరిపోతాయా లేదా అని నేను లెక్క చూసుకుంటున్నాను. "ఆ, ఆ, మంచిదే సారూ" అని దిగి వచ్చేశాను.

తర్వాత కొద్ది రోజులకే, బంద్‌కు ముందు రోజు, గేటు కాడ కూర్చుని కర్రకు గుడ్డ కడుతున్నాను. సారు గుండె పరీక్షకని దవాఖానకు పోయాడు. రైలు స్టేషన్ వైపు నుంచి భుజాన సంచి వేసుకుని ఒక పిల్ల వచ్చింది.

"పెద్దమ్మా, ఈడ మేడ మీద ఆంధ్ర సారు కిరాయికుంటడట గద?"

మా మాట, మా యాస. అదే పిల్ల "అండీ" అని అడిగి ఉంటే తెనాలి చుట్టమేమోనని కూర్చోబెట్టి నీళ్ళిచ్చేదాన్ని. మా యాసలో ఆంధ్రా సారు ఉంటాడా అని అడిగేసరికి నాకు ఒకటే తోచింది. కమిటీ వాళ్ళు పంపారు, నా గుట్టు తేల్చడానికి.

"ఏ ఆంధ్ర సారు? ఎవ్వలు లేరు ఈడ."

"గిదే అడ్రస్ ఇచ్చిండు పెద్దమ్మా. ఎప్పుడన్న రమ్మన్నడు. కంప్యూటర్ పని..."

"ఇయ్యనీ. లేడంటే లేడు. నా ఇంట్ల ఆంధ్రోడుండుడేంది? నడువ్ ఈడికెల్లి."

ఆ పిల్ల తల ఎత్తి మేడ వైపు చూసింది. పిట్టగోడ మీద ఆయన చొక్కా ఆరుతోంది. దాన్నీ చూసింది, నన్నూ చూసింది. వచ్చిన దారినే పోయింది.

సారు రాగానే గొప్పగా చెప్పాను. "ఫికర్ జెయ్యకు సారూ. నీకోసమని ఒక పిల్ల అడుక్కుంట వచ్చింది. లేడని జెప్పి ఎల్లగొట్టిన."

చెప్పులు విప్పబోతున్న మనిషి ఆగిపోయాడు. "కరీంనగర్ అమ్మాయాండి?" అన్నాడు. నా జవాబు కోసం ఆగలేదు. గేటు తీసుకుని స్టేషన్ వైపు పరుగెత్తాడు. మెట్లెక్కడానికే ఆయాసపడే మనిషి, మా గల్లీ అంతా చూస్తుండగా పరుగెత్తాడు. గల్లీ వాళ్ళు నేను తరిమేశానని ఇప్పుడు చెప్పుకుంటున్నది ఆ పరుగు చూసే.

ఆ పిల్ల ఎక్కిన రైలు అప్పటికే వెళ్ళిపోయింది. తిరిగి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆ రోజు కుక్క తనంతట తానే లేచి జరిగింది. నేను నీళ్ళిస్తే తాగి, చాలాసేపు ఊపిరి సర్దుకుని చెప్పాడు. ఆ అమ్మాయి కరీంనగర్‌లో పాఠాలు చెబుతుంది. చాలాకాలంగా ఆయన లైబ్రరీలో తప్పులు పట్టి, దిద్ది మెయిల్‌లో పంపుతోంది, ఫోన్‌లో ఎన్నడూ మాట్లాడుకోలేదు. పక్కన కూర్చుని నేర్చుకుంటాను, మీ తర్వాత నేను చూసుకుంటాను అని రాసింది. ఆయన అన్నేళ్ళుగా ఎదురుచూసిన మనిషి ఆమే.

"మొన్న పొద్దున చెప్పానండి మీకు, వస్తుందని," అన్నాడు. నింద లేదు ఆ మాటలో. అందుకే ఇంకా గుచ్చుకుంటుంది.

"ఇనలే సారూ," అన్నాను.

"పోనీలెండి. నన్ను కాపాడ్డానికే కదా అన్నారు."

తల ఊపాను. అప్పుడు ఊపాను గానీ అది నిజం కాదు. సారుకు మా గల్లీలో ఏ ఆపదా లేదు. ఎవరి నుంచీ లేదు. నేను కాపాడుకున్నది నా మొహాన్ని. కమిటీ ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వకూడదు, అంతే. ఆయనకు ఆ సంగతి తెలుసనుకుంటాను. తెలిసే, నాకు కాస్త మంచి కారణం ఇచ్చి వెళ్ళాడు.

ఆయన ఆ పిల్లకు క్షమించమని రాశాడు. మళ్ళీ వస్తానని ఆమె రాసింది. ఒకసారి వద్దామంటే సడక్ బంద్, ఇంకోసారి కాలేజీలో పరీక్షలు. మరోసారి బయలుదేరితే రైలు సగం దారిలో ఆపేశారు. ఆ ఆపినవాళ్ళలో నాలాంటి ముసలివాళ్ళు ఉండే ఉంటారు. ఎండాకాలం చివరికి సారుకు జబ్బు బాగా ముదిరింది. అక్క దగ్గరికి తెనాలి ప్రయాణమయ్యాడు. ఆటో ఎక్కేముందు గది తాళం నా చేతిలో పెట్టాడు.

"ఆ అమ్మాయి వస్తే గది తీయండి అమ్మగారూ. ఈసారి ఎవరడిగినా ఉన్నాడనే చెప్పండి."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత మొదట్లో చెప్పిన ఆ ఫోన్. దినానికి పోదామనుకున్నాను. అప్పటికి అటువైపు వాళ్ళ బంద్‌లు మొదలయ్యాయి, బస్సులు లేవు. మా బంద్‌లు ఈ పిల్లను రానివ్వలేదు, వాళ్ళ బంద్‌లు నన్ను పోనివ్వలేదు. ఆయన ఉంటే కింద పిండి మారిందండి అనేవాడు. నేను అనలేను. పిండి మారింది నిజమే, కానీ గేటు కాడ ఆ మాట అన్న నోరు నాది.

ఆ తర్వాత ఒక ఆదివారం గేటు చప్పుడైంది. అదే పిల్ల, అదే సంచి.

"సారు ఉన్నడా పెద్దమ్మా? మెయిల్‌కు జవాబిస్తలేడు."

"లేడు బిడ్డా."

ఆమె మొహం ఎర్రబడింది. "మల్ల గదే మాటనా? ఆయన చొక్కా గీ గోడ మీద నా కండ్లతోని చూసిన. ఆంధ్రాయనైతే ఏంది, నేను ఆయన తాన సదువుకునుటానికొచ్చిన. నీకేమడ్డం?"

"ఈసారి నిజంగనే లేడు బిడ్డా," అన్నాను.

నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? తాళం తీసి గది చూపించి, తెనాలిలో పోయాడని చెప్పాను. మంచం మీద మడత పెట్టిన దుప్పటి చూశాక నమ్మింది. గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. నన్ను తిట్టింది కూడా. తిట్టనిచ్చాను. ఇప్పుడు ఈ మాట రాయనంటోంది. రాయాల్సిందే.

కంప్యూటర్ తెరిచే తాళపు మాటను సారు తన అక్కకు చెప్పి పోయాడట. తెనాలి నుంచి ఆమె ఫోన్‌లో చెప్పింది. కరీంనగర్ పిల్ల అప్పటి నుంచీ సెలవు దొరికినప్పుడల్లా వచ్చి కూర్చుంటోంది. సారు సగంలో వదిలిన పని ముగించి, పాతదానిలోనూ కొత్తదానిలోనూ నడిచేలా చేసి అందరూ తీసుకునేలా బయట పెట్టింది. ఆ రోజు మేమిద్దరం పాయసం వండుకున్నాం.

వారం తిరక్కముందే మెదక్ బడి నుంచి ఫోన్. కంప్యూటర్ ఊపిరి తీయకుండా చదువుతోందట. మాట ఎక్కడ ముగిసిందో, ఇంకో మాట ఎక్కడ మొదలైందో తెలియడం లేదట. పరీక్షల రోజులు. పిల్లలు వినీ వినీ తలలు పట్టుకుంటున్నారని ఆ పంతులు చెబుతుంటే ఈ పిల్ల మొహం పాలిపోయింది.

తర్వాత తెలిసింది. సారు ప్రతి మాట చివరా కంటికి కనపడని గుర్తు ఒకటి పెట్టాడు. ఏ అవసరమూ లేదని ఈ పిల్ల దాన్ని తీసేసింది. ఆ బడిలోని పాత కంప్యూటర్ ఆ గుర్తును చూసే ఆగేదట. తిరిగి పెట్టగానే బాగైంది. కానీ అన్ని రోజులూ ఆ పిల్లల చదువు ఆగింది. సారు పక్కన ఉంటే ఒక్క మాటతో పోయేది.

"ఇసొంటియి ఇంక శాన ఉన్నయ్ పెద్దమ్మా," అంది ఈ పిల్ల. "ఎందుకు పెట్టిండో తెల్వదు. తీస్తే ఏమైతదో తెల్వదు. నీకేమన్న చెప్పిండా? పొద్దుగాల పొద్దుగాల నీతోనే మాట్లాడేటోడంట గద."

చెప్పాడు. ప్రతి పొద్దునా చెప్పాడు. ఆ కనపడని గుర్తు సంగతి కూడా చెప్పే ఉంటాడు, ఆ బడి అంటే ఆయనకంత ప్రాణం. నేను కళ్ళు మూసుకుని వెతుక్కున్నాను. ఆయన చేతులు ఆడించడం గుర్తొచ్చింది. గ్లాసు అంచు మీద వేలు తిప్పడం గుర్తొచ్చింది. మాటలు రాలేదు. అవి నా చెవి దాకా వచ్చి, అక్కడే పడిపోయాయి.

"యాదికొస్తలేదు బిడ్డా," అన్నాను. ఈ పిల్ల నా చేయి పట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

చదువుకున్నవాళ్ళు మీరంతా. ఆయనకు ఏమిచ్చి రుణం తీర్చుకోవాలో మీకు తెలిసే ఉంటుంది. నాకు ఒకటే తోచింది. ఇప్పుడు ఈ పిల్ల వచ్చిన ప్రతి పొద్దునా నేను గదిలోకి పోతాను, గోడకు ఆనుకుని కింద కూర్చుంటాను. ఏం చేసినా, ఎందుకు చేసిందో గట్టిగా చెప్పమన్నాను. నాకు అర్థం కాదు. అయినా ఒక్కొక్క మాటా తిరిగి చెబుతాను, అప్పగింత పాఠంలా. మొన్న పొద్దున పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏం మంత్రం నేర్సుకుంటున్నవే ముసలమ్మా?"

"నీకెందుకే, నీ పని జూస్కో," అని మళ్ళీ పాఠం అందుకున్నాను.

"కాదు పెద్దమ్మా, తప్పు వోయినవ్," అంది ఈ పిల్ల తెర మీది నుంచి కళ్ళు తీయకుండా. "ముందుగాల పాతదా కొత్తదా అని అడగాలె. పాతదైతే అక్షరాన్ని విప్పి ఇయ్యాలె. కొత్తదైతే ఉన్నది ఉన్నట్టే ఇయ్యాలె. ఎందుకంటే?"

"ఎందుకంటే," అన్నాను. ఎండ కిటికీ దాటి నా మోకాళ్ళ మీదికి వచ్చింది. పిల్ల వేళ్ళు ఆగాయి. నేను ఆ తర్వాతి మాట కోసం వెతుక్కుంటూ కళ్ళు మూసుకున్నాను. ఆమె అందించలేదు. ఎదురుచూసింది.